సముద్రానికి బయల్దేరిన సైకిలు

చిదంబరయోగి ఎవరి ప్రశ్నకూ కూర్చుని జవాబు చెప్పేవారు కారు. అడిగినవారిని వెంటబెట్టుకుని ఏటి గట్టున పాత రైలుదారి పట్టేవారు. ఒకప్పుడు ఆ గట్టు మీద జనపనార మోసే చిన్న రైలు సముద్రం దాకా వెళ్లేది. పట్టాలు పీకేశాక కంకర మిగిలింది. దాని మీదే మనుషులూ సైకిళ్లూ దారి చేసుకున్నారు.

శిష్యుడు విశ్వంభరం భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆమె చీరలున్న పెట్టెను అతను తెరవనూ లేడు, ఎవరికీ ఇవ్వనూ లేడు. ఒక ఉదయం గురువు దగ్గరికి వచ్చి, "స్వామీ, పోయినవాళ్లను వదిలెయ్యడం ద్రోహం కాదా?" అని అడిగాడు. యోగి లేచి చెప్పులు వేసుకున్నారు.

చాలాసేపు నడిచాక వాళ్లకు ఒక స్త్రీ కనిపించింది. పేరు అప్పలనరసమ్మ. ఎండలో ముందుకు వంగి, పాత సైకిలొకటి తోసుకుంటూ పోతోంది.

"ఎక్కి తొక్కవేం తల్లీ?" అన్నారు యోగి.

"నాకు తొక్కడం రాదు బాబూ. ఇది మా ఆయనది. వెనకాల కూర్చోబెట్టుకుని ఈ దారమ్మట సముద్రానికి తీసుకెళ్తానని ఎప్పుడూ అనేవాడు. మొన్న వానల్లో జొరమొచ్చి పోయాడు. సైకిలైనా సముద్రం చూస్తాదని తోసుకెళ్తన్నాను."

విశ్వంభరం కళ్లు తుడుచుకున్నాడు. ముగ్గురూ కలిసి నడిచారు.

ఇంతలో మలుపు అవతలి నుంచి ఒక రైతు, ఈడొచ్చిన కూతుర్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. చేలో ఆ పిల్లను పాము కరిచింది. ఆస్పత్రి వీళ్లు దాటి వచ్చిన పట్నంలో, బాగా వెనక ఉంది. అప్పటికే అతని కాళ్లు తడబడుతున్నాయి. సైకిలు కేసి చూశాడు గాని, అడగడానికి ఊపిరి చాలలేదు.

అప్పలనరసమ్మ చేతులు హ్యాండిలు మీద బిగుసుకున్నాయి. ఆ పిల్ల మూలిగింది. ఆమె సైకిలును పట్నం వైపు తిప్పింది. పిల్లను వెనక కూర్చోబెట్టి, హ్యాండిలుకు చుట్టి ఉన్న భర్త తువ్వాలు విప్పి, జారిపోకుండా, ముందు ఎక్కిన తండ్రి నడుముకు కట్టింది.

"ముందు బ్రేకు పనిచెయ్యదు నాయనా. వెనకది పట్టు" అంది.

సైకిలు కంకర మీద ఎగురుతూ కనుమరుగైంది. పిల్ల బతికిందని మర్నాడు తెలిసింది. అప్పటికి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. గట్టు మీద ముగ్గురూ, కింద ఏరూ, అంతే.

"ఇక ఇంటికి వెళ్లిపోతావా అమ్మా?" అని అడిగాడు విశ్వంభరం.

ఆమె అతని వైపు ఆశ్చర్యంగా చూసింది. "ఎందుకు? సముద్రం అటు కదా" అని, చెంగు నడుముకు దోపుకుని ముందుకు సాగింది.

విశ్వంభరం గురువు వైపు తిరిగాడు. "స్వామీ, ఆవిడ భర్తను వదిలేసినట్టా, వెంట తీసుకెళ్తున్నట్టా?"

యోగి, దూరమవుతున్న ఆమెనే చూస్తూ అన్నారు: "గమనించావా? ఇప్పుడు నిటారుగా నడుస్తోంది."