తడిగుడ్డ

తను మూసిన ఛాతీ మీద డాక్టర్ ఫణీంద్రకి ఎంత నమ్మకమంటే, అది చీము పట్టిందని కళ్ళారా చూసి కూడా ఒప్పుకోలేకపోయాడు.

గుండెకి బైపాస్ చేయించుకుని ఇంటికెళ్ళిన తాతారావు, నెల తిరక్కుండానే జ్వరంతో మళ్ళీ విశాఖ ఆసుపత్రికొచ్చాడు. భీమిలి దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. కుట్టు మధ్యలోంచి పచ్చగా కారుతోంది. ఆపరేషన్ చేసింది పెద్ద డాక్టరు హైమావతి. ఆఖర్న, రెండుగా కోసిన రొమ్ము ఎముకని తీగలతో బిగించి ఛాతీ మూసింది మాత్రం ఆవిడ శిష్యుడు ఫణీంద్ర. మేడం ఆ పని తనొక్కడికే వదిలి బయటికెళ్ళిపోవడం అదే మొదటిసారి. ఆ సంగతి హాస్టల్లో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు కూడా.

"ఇంటికెళ్ళాక ఏం చేశారు?" అని తాతారావు భార్య నూకరత్నాన్ని గద్దించాడు.

"ఏటీ సెయ్నేదు బాబూ. ఉక్కగా ఉందంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడిసినాను."

"చూశారా! తడి తగలనివ్వొద్దని చెప్పానా లేదా? చేతులారా తెచ్చుకున్నారు."

ఎంత తేలిగ్గా అనేశాడో! ఆ పూట అతనికి ఒక కారణం కావాలి. ఎదురుగా ఒక ఆడమనిషి దొరికింది. ఇంటికి పంపిన రోజున ఇదే మనిషి, "మావోడు దగ్గితే లోపల టకటకమంటందంట బాబూ" అని చెప్పింది. "అలాగే ఉంటుందిలే" అని కొట్టిపారేసింది ఇతనే. అది అతనికి గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు అంటే సరిపోతుంది.

నూకరత్నం ఆ మాటని మనసులో పెట్టేసుకుంది. ఆ తర్వాత మొగుణ్ణి ముట్టుకోలేదు. వార్డు గుమ్మం దగ్గర, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడేది. అతను మంచినీళ్ళడిగితే నర్సుని పిలిచేది.

మర్నాడు హైమావతి రౌండ్స్‌కి వచ్చింది.

"పైపైన ఇన్ఫెక్షనే మేడం. తడి తగిలింది. షుగర్ కూడా ఉంది. మందులతో తగ్గిపోతుంది" అని ఫణీంద్ర గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, అరచేతిని తాతారావు ఛాతీ మీద ఆనించి, పైన తన చెయ్యి వేసింది.

"ఏదీ, ఒకసారి దగ్గు నాయనా."

తాతారావు దగ్గాడు. ఫణీంద్ర అరచేతి కింద ఎముక రెండు చెక్కలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని టక్కుమన్నాయి. అతను చెయ్యి తీసేయబోయాడు. ఆవిడ తీయనివ్వలేదు.

"ఇంకోసారి దగ్గు."

మళ్ళీ టక్కుమంది. అప్పుడు గాని ఆవిడ అతని చెయ్యి వదల్లేదు.

"థియేటర్ సిద్ధం చేయించు" అంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నూకరత్నాన్ని చూసి, "ఆవిడ లోపలికి రాదేం?" అని నర్సుని అడిగింది. నర్సు ఏమీ దాచకుండా చెప్పేసింది.

హైమావతి శిష్యుడివైపు తిరిగింది. "ఇది తీగలు వదులైపోయి వచ్చింది. తడిగుడ్డ వల్ల కాదు. వెళ్ళి ఆవిడతో చెప్పు."

"చెప్తాను మేడం" అన్నాడు ఫణీంద్ర.

ఆ మధ్యాహ్నం ఛాతీ తెరిచారు. తీగలు తీసేసి, కుళ్ళిన ఎముక గీకేసి, శుభ్రంగా కడిగారు. గుండె మీద మెత్తటి పొర పరిచి, ఆపైన నల్లటి స్పాంజి అమర్చారు. గాలి చొరబడకుండా దాని మీద పల్చటి ప్లాస్టిక్ అంటించి, ఒక ట్యూబు పెట్టి, చిన్న మెషిన్‌కి తగిలించారు. మెషిన్ లోపలి గాలిని పీలుస్తుంటే స్పాంజి అణిగిపోతుంది. గాయంలోని చీమూ నీరూ ట్యూబులోంచి డబ్బాలోకి వచ్చేస్తాయి. రెండు మూడు రోజులకోసారి అంతా విప్పి, కడిగి, కొత్త స్పాంజి పెట్టాలి. అడుగున ఎర్రటి కొత్త కండ పుట్టేదాకా ఇదే పని. అంతవరకూ ఛాతీ తెరిచే ఉంటుంది. తొందరపడి మూస్తే చెడు లోపలే ఉండిపోతుంది.

ఫణీంద్ర ఆ పనంతా ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. కట్టు మార్చిన ప్రతిసారీ హైమావతి ఒక్క మాటే అడిగేది.

"చెప్పావా?"

"లేదు మేడం. గాయం కాస్త తేరుకోనివ్వండి. మంచి కబురుతో కలిపి చెప్తాను."

ఆవిడ చేతులు కడుక్కుని వెళ్ళిపోయేది. తనే వెళ్ళి చెప్పేయొచ్చు కదా అని ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మండాల్సిందే. తప్పు చేసినవాడి నోటితోనే ఆ మాట రావాలని గురువుగారి పంతం. ఆ పంతానికీ, శిష్యుడి పిరికితనానికీ మధ్య గుమ్మం దగ్గర ఒక ఇల్లాలు నలిగిపోయింది.

గాయం తేరుకుంటోంది. మనిషే తేరుకోలేదు. విషం అప్పటికే నెత్తురులోకి ఎక్కేసింది, అక్కణ్ణుంచి లాగే శక్తి ఆ మెషిన్‌కి లేదు. మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. ఒక ఉదయం, కట్టు మార్చాల్సిన వేళకి, తాతారావు చనిపోయాడు. గాయం అడుగున కండ మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది.

శవాన్ని వ్యానెక్కిస్తుంటే నూకరత్నం అప్పుడు కూడా దూరంగానే నిలబడింది. ఫణీంద్ర ఆవిడ దగ్గరికెళ్ళాడు.

"అమ్మా, తడిగుడ్డ వల్ల కాదమ్మా. నేను బిగించిన తీగలు వదులైపోయాయి. లోపల టకటకమంటోందని మీరు చెప్పారు. నేనే వినిపించుకోలేదు. తప్పు నాది."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. తిడితే బాగుండుననుకున్నాడు ఫణీంద్ర. చెంప మీద కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆవిడ కళ్ళొత్తుకుని రెండు చేతులూ జోడించింది.

"నాను ఏడుత్తన్నానని అలాగంటన్నారు గానీ, నాకు తెల్దా బాబూ? నా సేత్తోనే కదా తుడిసినాను. మీది సల్లని మనసు. మీరు సల్లగుండాల."

వ్యాను కదిలిపోయింది. అతను అక్కడే నిలబడిపోయాడు. దణ్ణం పెట్టించుకోవడంలో ఇంత బాధ ఉంటుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

హైమావతి తన గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అతను లోపలికొచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పాను మేడం. నమ్మలేదు. ఓదార్చడానికి అబద్ధమాడుతున్నాననుకుంది. నాకు దణ్ణం పెట్టింది మేడం."

"పెద్దకర్మ ఏ రోజో కనుక్కో" అందావిడ. "వాళ్ళ ఊరెళ్దాం. పదిమందిలో చెప్పు. నేనూ వస్తాను. నేను చెప్పాల్సింది కూడా ఉంది."

"అప్పుడు కూడా నమ్మకపోతే?"

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క కట్టుతో శుభ్రపడిన గాయాన్ని ఎక్కడైనా చూశావా నువ్వు?"