ఎర్రగుట్ట ఎంగిలిరోలు

ఎర్రగుట్ట అమ్మవారి దర్శనానికి వచ్చే భక్తులు పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, జొన్నచేల మధ్య నుంచి మైలున్నర నడవాలి. ఆటోలు తిరునాళ్ల మూడు రోజులే దొరుకుతాయి. గుట్టకు నూట పద్దెనిమిది మెట్లు. సగం ఎక్కేసరికి కుడిచేతి వైపు రాతి స్తంభాల చిన్న మండపం వస్తుంది. అందులో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన నల్లరాతి రోలు ఒకటి ఉంది. రోలు ఒక పక్కకు కాస్త ఒరిగి ఉంటుంది. దాన్ని నిటారుగా నిలబెట్టే ప్రయత్నం ఎవరూ చేయలేదు. పైన గుడిలో ఉన్న పెద్దగుట్టమ్మ తల్లికి మొక్కే ముందు ఇక్కడ మొక్కాలి. తెలియక నేరుగా పైకి వెళ్లినవారిని పూజారులు మర్యాదగానే కిందికి పంపిస్తారు.

ఈ రోలుకు ఎంగిలిరోలు అని పేరు. కొత్తవారు ఆ పేరు విని ముఖం చిట్లిస్తారు, దేవుడి దగ్గర ఎంగిలేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. సమాధానం చెప్పడానికే ఈ చిన్న పుస్తకం అచ్చువేశాం. అయితే ఇది చదివి ఆనందించే కథ కాదని ముందే మనవి చేస్తున్నాం.

పూర్వం ఇక్కడ గుడి వంటశాల గుట్టపైనే, ఆగ్నేయ మూలన ఉండేది. తిరునాళ్ల రోజున అమ్మవారికి జొన్నసంగటి, ఎర్రకారం నైవేద్యం పెట్టేవారు. ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు వేసి రోట్లో మెత్తగా దంచిన కారం అది. ఏడూళ్ల జనం ఆ ప్రసాదం తిన్నాకే ఇళ్లలో కొత్త కారం వాడుకునేవారు. దంచే వంతు ఒకే ఇంటి ఆడవారిది. ఆ ఇంటికి ఓబులక్క పెద్ద. పెనిమిటి పోయి చాలా కాలమైంది. సిద్ధమ్మ అని ఒక్కతే కూతురు, ఇద్దరు పిల్లల తల్లి అయినా ఓబులక్క దగ్గరే ఉండేది. వంతు చేసినందుకు పంటల కాలంలో ఇంటింటి నుంచి చేటెడు గింజలు వారికి ముట్టేవి. సెంటు భూమి లేని ఆ కుటుంబానికి ఏడాది గడిచేది ఆ గింజలతోనే.

దంచడానికి ఒక కట్టడి ఉండేది. అమ్మవారి కంటే ముందు నైవేద్యం ఎవరి నోటికీ తగలకూడదు. వాసన చూడడమూ తప్పే గానీ, ముక్కు మూయడం కుదరదు గనుక పెద్దలు నోటితో సరిపెట్టుకున్నారు. దంచే మనిషి తలస్నానం చేసి, తడిబట్టతో వచ్చి, నోటికి అడ్డంగా పసుపు గుడ్డ కట్టుకుని రోటి ముందు నిలబడాలి. నైవేద్యం ముగిసేదాకా ఆ గుడ్డ విప్పకూడదు, మాట్లాడకూడదు. ఉప్పు చాలిందో లేదో చెయ్యే చెప్పుకోవాలి. గుడ్డ విప్పి ఒక్క వేలు నాకినా అది ఎంగిలి, వంతు ఆ ఇంటికి మళ్లీ రాదు. ఓబులక్క ముప్పై తిరునాళ్లు అలాగే దంచింది. తన కారం ఎలా కుదిరిందో, జనమందరికీ పంచాక రోటి అడుగున మిగిలిన దాంతోనే ఆమెకు తెలిసేది.

ఒక యేడు వానలు మొహం చాటేశాయి. మిరపతోటలు నిలువునా ఎండాయి. ఏడూళ్లు కలిసినా అమ్మవారికి సరిపడా మిరపకాయలు పోగు కాలేదు. పొలాల్లో పచ్చగా మిగిలింది ఉమ్మెత్త ఒక్కటే, దాన్ని మేకలు కూడా ముట్టవు. అప్పుడు ఏడూళ్లకూ పెద్దకాపు అయిన భద్రప్ప ముందుకు వచ్చాడు. పోయిన పంటలో రాలిన మిరప గింజలు తన కళ్లంలో ఉన్నాయని, కాయలు లేకపోతే గింజల కారమే పెడదామని అన్నాడు. కరువులో గింజలు దంచుకు తినడం ఆ సీమలో ఉన్నదే. జీతగాళ్లు కళ్లం మూలమూలలా ఊడ్చి మూట కట్టారు. గట్టు మీద ఎండి పగిలిన ఉమ్మెత్త కాయలు ఆ కళ్లంలోకే గింజలు రాల్చాయని ఎవరికీ తట్టలేదు. మిరప గింజకూ ఉమ్మెత్త గింజకూ చూపులో పెద్ద తేడా ఉండదు. ఉమ్మెత్త కాస్త ముదురు రంగు, అంతే. మూట మేళతాళాలతో గుట్ట ఎక్కింది.

తిరునాళ్ల పొద్దున ఓబులక్క గుడ్డ కట్టుకుని రోకలి పట్టింది. పక్కనే సిద్ధమ్మ మూటలోని గింజలు చెరిగి మూడు బుట్టలకు ఎత్తింది. ఓబులక్క మొదటి వాయి రోట్లో పోసి పది పోట్లు వేసింది. ఇరవై వేసింది. మిరప నలిగితే ఘాటు లేవాలి. ముక్కు మండాలి, గడపలో నిలబడ్డవారు కూడా తుమ్మాలి. ముప్పై ఏళ్లుగా ఆమె కళ్లు కారుతుండగానే దంచింది, గుడ్డ తడిసి ముద్దయ్యేది. ఆనాడు గుడ్డ పొడిగా ఉంది. రోకలి కింద గింజ నలిగే తీరు కూడా తేడాగా తోచింది. సిద్ధమ్మ వైపు చూసింది. అంత పొడి గాలిలోకి లేస్తున్నా కూతురికీ ఒక్క తుమ్ము రాలేదు.

ఓబులక్క పూజారి ఈరన్నను చేతితో పిలిచింది. తన కళ్లు చూపించింది, రోలు చూపించింది, తల అడ్డంగా ఊపింది. ఈరన్నకు అర్థమైంది. అయితే తనకు ఇష్టమైనట్టుగా అర్థమైంది.

"కరువు జూసి అమ్మే కరుణించి ఘాటు తగ్గించిందిలే. దంచు, దంచు. పొద్దెక్కతాంది" అన్నాడు.

ఇక సైగలతో పని కాదని ఆమెకు తెలిసిపోయింది. చిటికెడు నాలుక మీద వేసుకుంటే సంగతి తేలిపోతుంది. వేసుకుంటే వంతు పోతుంది, సిద్ధమ్మ పిల్లలకు కూడు పోతుంది. వేసుకోకపోతే, మెట్ల మీద అప్పటికే ఏడూళ్ల జనం విస్తరాకులు పట్టుకుని కూర్చున్నారు. వెల్లుల్లీ చింతపండూ పడ్డాక తినేవారికి ఏ తేడా తెలియదన్న సంగతి దంచే మనిషికి కాక ఎవరికి తెలుస్తుంది? ఓబులక్క గుడ్డ ముడి మీద చెయ్యి వేసింది. సిద్ధమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దుమా. నీ కాళ్లు మొక్కుతా, విప్పొద్దు. గింజలు వాళ్లవి, దేవర వాళ్లది. మనకేలమా?" అంది.

ఓబులక్క చెయ్యి విడిపించుకుని గుడ్డ విప్పింది. చిటికెడు పొడి నోట్లో వేసుకుంది. కారం లేదు. చేదు.

"ఇది మిరప ఇత్తనం కాదు సామీ. ఉమ్మెత్త. ఒక పాలు మిరప ఉంటే రెండు పాళ్లు ఉమ్మెత్త ఉండాది" అని అందరికీ వినబడేలా చెప్పింది.

ఉమ్మెత్త అన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. గుడ్డ విప్పడం మాత్రం అందరి కంటా పడింది. కేకలు విని భద్రప్ప వచ్చాడు.

"నా మొక్కులో ఇసం ఉందంటావా? నీ నాలిక చాపల్యానికి నా మీద నింద వేస్తాండావా?" అని మండిపడ్డాడు.

"నింద కాదు పెద్దకాపూ. ఒక గింజ నువ్వూ నమిలి చూడు."

అతను నమలలేదు. అమ్మవారి కంటే ముందు నమిలితే పాపం కదా, పెద్దమనిషి ఆ పాపానికి ఒడిగట్టలేదు.

పెద్దలు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. రోట్లో ఉన్నది ఎంగిలి, పారబోయాలి. రోలు కడిగి పసుపునీళ్లు చల్లాలి. బుట్టల్లోని గింజలు ఎంగిలి కాలేదు గనుక వాటిని వేరే మనిషి చేత దంచించాలి. ఓబులక్క ఇంటికి వంతు నేటితో సరి. తీర్పులో ఆచారానికి ఏ లోటూ జరగలేదు. విషం ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

ఆ తీర్పు వింటుండగానే ఓబులక్కకు దారి తోచింది. వీళ్లు తన మాటను నమ్మరు, ఎంగిలిని నమ్ముతారు. ఎవరూ పట్టుకునేలోగా మొదటి బుట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు నోట్లో పోసుకుని నమిలింది. ఆ ఎంగిలి చేతితోనే బుట్టంతా కలిపింది. రెండో బుట్టనూ అలాగే చేసింది. మూడో బుట్ట దగ్గర ఇద్దరు ఆమెను వెనక్కి లాగుతుంటే, నమిలింది నమిలినట్టే బుట్టలోకి ఉమ్మింది.

"ఇంగ పెట్టండి మీ అమ్మకు" అంది.

పెట్టలేకపోయారు. మూడు బుట్టలనూ వంటశాల వెనక దిబ్బలో పారబోశారు. ఆ పూట అమ్మవారికి ఉప్పు వేసిన వట్టి సంగటే నైవేద్యమైంది. జనం అదే తిన్నారు, కారం లేని ప్రసాదమేమిటని సణుగుతూ తిన్నారు. ఏడూళ్లలో ఒక్కరికి తలనొప్పి కూడా రాలేదు.

ఓబులక్కను మెట్ల మీదుగా కిందికి ఈడ్చారు. ఇంతా అయ్యాక రోలు మాత్రం ఎందుకని దాన్నీ గుట్ట మీద నుంచి దొర్లించారు. సగం దూరంలో బండ అడ్డుపడి అది ఒరిగి ఆగింది. సిద్ధమ్మ తల్లిని ఆ రోటికే ఆనించి కూర్చోబెట్టింది. ఎండ ఎక్కేకొద్దీ ఓబులక్క నోరు పిడచకట్టుకుపోయింది. నీళ్లు పోస్తే గుటక దిగలేదు. ముఖం కందిపోయింది. కంటిపాపలు పెద్దవై వెలుతురు చూడలేకపోయింది. చేతిలో లేని రోకలిని ఎత్తి ఎత్తి దంచింది. కాసేపటికి కూతురిని కూడా గుర్తుపట్టలేదు. దర్శనం చేసుకుని దిగుతున్న జనం ఆగి చూశారు. నైవేద్యం ఎంగిలి చేసినందుకు అమ్మవారు పిచ్చెక్కించిందని చెప్పి తమ పిల్లలకు భయం నేర్పారు.

"తిన్యారా? కారం తిన్యారా?" అని ఆమె దిగేవాళ్లనందరినీ అడిగింది. కొందరు నవ్వారు.

"తినలేదుమా. ఎవురూ తినలేదు" అని సిద్ధమ్మ చెప్పింది. చెప్పిన మరుక్షణం ఆమె మళ్లీ అదే అడిగేది. సిద్ధమ్మ మళ్లీ చెప్పేది. పొద్దు వాలకముందే ఓబులక్క ప్రాణం పోయింది. ఆ జవాబు ఒక్కసారైనా ఆమె బుద్ధికి అందిందో లేదో తెలియదు. అందలేదేమోనన్న బాధ ఈ కథ చెప్పే ప్రతివారికీ ఉంటుంది.

ఇది క్షేత్ర మాహాత్మ్యం గనుక ఇక్కడ అమ్మవారు ప్రత్యక్షమైందని రాయాలి. కాలేదు. రెండు నెలలకు వాన పడింది. వంటశాల వెనక దిబ్బ మీద మొలకలు లేస్తే, అమ్మ దయతో మిరపనారు వచ్చిందని మొదట సంబరపడ్డారు. ఆకు వెడల్పయింది. తెల్లటి బూరపూలు పూశాయి, ముళ్లకాయలు కాశాయి. దిబ్బ నిండా ఉమ్మెత్త, వెతికితే మధ్యలో నాలుగు మిరప మొక్కలు. ఈరన్న ఆ మొక్కల ముందు చాలాసేపు నిలబడిపోయాడని చెబుతారు. సాయంత్రం పూజ మాత్రం మానలేదు.

ఆ తర్వాత వారం రోజులకు పెద్దకాపుకు కల వచ్చింది. అమ్మవారు కనిపించి, దొర్లిన రోటికి మండపం కట్టించమని, ఓబులక్క సంతతివారే ఎప్పటికీ దంచాలని, ఇకమీదట దంచిన మనిషి ముందు తిన్న కారమే తనకు నైవేద్యమని ఆజ్ఞాపించిందట. తల్లిని పోగొట్టుకున్నది సిద్ధమ్మ, కల వచ్చింది భద్రప్పకు. దేవతలు ఎవరికి కనబడాలో వారి ఇష్టం. పెద్దలందరూ సన్నాయి మేళంతో సిద్ధమ్మ గుడిసెకు వెళ్లి ఆ ఆజ్ఞ వినిపించారు.

"మా యమ్మ బతిమాలితే ఒక గింజ నమల్లేదు మీరు. ఇప్పుడు ఏటేటా మమ్మల్ని నమలమంటారా?" అని సిద్ధమ్మ అడిగింది.

వారు చేటెడు గింజలు తెచ్చి గడపలో పెట్టారు. పిల్లలిద్దరూ ఆ చేటనే చూస్తున్నారు. సిద్ధమ్మ చాలాసేపు ఏడ్చి, లేచి, చేట లోపలికి తీసుకుంది.

నేటికీ ఆ ఆచారం తప్పలేదు. తిరునాళ్ల రోజున ఆ ఇంటి ఆడపడుచు మండపంలోని రోట్లో, నోటికి గుడ్డ లేకుండా, కారం దంచుతుంది. ఇప్పుడు వంతు చేస్తున్నది నాగులమ్మ. మిగతా రోజుల్లో ఉపాధి హామీ పనికి వెళుతుంది. దంచడం పూర్తయ్యాక మొదటి ముద్ద ఆమే తినాలి. అప్పుడు మేళం ఆపేస్తారు. అరగంట సేపు ఎవరూ మాట్లాడరు. పూజారి ఆమెను ఎండలోకి పిలిచి కంటిపాపలు చూస్తాడు. గుక్కెడు నీళ్లిచ్చి మింగమంటాడు. పేరు అడుగుతాడు, పిల్లల పేర్లు అడుగుతాడు. అన్నీ సరిగా చెప్పాకే కారం పైకి వెళుతుంది, హారతి వెలుగుతుంది. ఈ తంతును సాక్ష్యం అంటారు. చూడడానికి జిల్లాలు దాటి వస్తారు.

ఈ ప్రసాదం తిన్నవారికి విషభయం ఉండదని, వారి ఇంట వండిన కూడు ఎన్నడూ వికటించదని నమ్మకం. కొత్తకోడళ్లు చిటికెడు కారం కొంగున ముడివేసుకుని వెళతారు. హోటళ్లవాళ్లు సీసాల్లో పట్టుకెళతారు. తిన్నవారికి కలిగే ఫలాలు ఇవి. దంచిన మనిషికి కలిగే ఫలమేమిటో పెద్దలు ఎక్కడా చెప్పలేదు. పోయిన తిరునాళ్లలో ఒక భక్తురాలు నాగులమ్మనే ఆ మాట అడిగింది.

"నాకా?" అని నాగులమ్మ చేతులు కడుక్కుంటూ అంది. "కండ్లు జూసి, నీకేం కాలేదు పో అంటారు గదమ్మా. అదే."