నాలుగు గాట్ల సొరబుర్ర

కొండమీద చెరువు, దాని కింద ఊరు, మధ్యన ఒక కాలవ. కాలవకి పైన కూతురు కాపలా, కింద తండ్రి. పైనుంచి కబురు కిందికి చేర్చడమే ఇద్దరి పనీ.

పద్ధతి తండ్రి పెట్టిందే. కబురుని ముక్కలు చేసి తాటాకుల మీద రాయాలి. ఒక్కో ఆకునీ ఒక్కో ఎండు సొరబుర్రలో దూర్చి, మూతికి లక్క పెట్టి, వరస తెలిసేలా ఎన్నోదైతే అన్ని గాట్లు గీసి కాలవలో వదలాలి. ఎన్నో బుర్రదాకా వరసగా అందితే తండ్రి తప్పెట మీద అన్ని దెబ్బలు కొడతాడు. రెండోది రాకుండా మూడోది ఊడిపడితే ఒక్క దెబ్బే. ఆ లెక్క విని కూతురు రెండోది మళ్ళీ వదులుతుంది.

"నాకు తప్పెట వినబడకపోతే?" అని నేర్చుకునే రోజుల్లో అడిగింది పిల్ల.

"ఒక వక్క నమిలేంతసేపు చూడు. అప్పటికీ వినబడకపోతే అదే మళ్ళీ వెయ్యి. జవాబు రాకుండా చోటు కదిలావో, చూసుకో మరి!"

పిల్ల బుద్ధిగా తలూపింది. అంత బుద్ధి లేకపోయినా బాగుండేది, ఏం చేస్తాం!

ఆ ఏడు వాన వదల్లేదు. పదోనాడు పొద్దున్నే బుర్రలొచ్చాయి. కట్ట నెర్రెలిచ్చింది, అంది మొదటిది. సాయంత్రందాకా ఆగదు, అంది రెండోది. మూడోది ఏ తుప్పల్లో చిక్కుకుందో, నాలుగోది ముందొచ్చింది. వరస తప్పింది గనక దాన్ని విప్పకుండా పక్కన పెట్టి, తండ్రి రెండు దెబ్బలే కొట్టాడు. కాసేపటికి కూతురు మళ్ళీ వదిలిన మూడోది వచ్చింది. సామాన్లు వదిలెయ్యండి. అప్పుడు నాలుగోది విప్పాడు. తూర్పు గుట్టెక్కండి.

ఊరంతా వినేలా కేకేసి, నాలుగు దెబ్బలు కొట్టాడు. ఈలోగా వాన హోరు రెట్టింపైంది.

మధ్యాహ్నానికి ముసలివాళ్ళతో, మేకలతో సహా ఊరు గుట్టెక్కింది. కాలవలో ఇంకో బుర్ర వచ్చింది. నాలుగు గాట్లు. తండ్రి నాలుగు దెబ్బలు కొట్టాడు. మళ్ళీ ఒకటి, నాలుగు గాట్లే.

తప్పెట పైకి వినబడడం లేదని అప్పుడర్థమైంది ఆయనకి. జవాబు వినబడేదాకా పిల్ల చోటు కదలదు. పైకి వెళ్దామంటే ఏరు పొంగి దారి మూసేసింది.

"అందిందే తల్లీ! నాలుగూ అందాయే! కట్ట దిగిపోవే!" అని అరుస్తూ, వేళ్ళు చిట్లి రక్తం కారేదాకా కొట్టాడు. బుర్రలు వస్తూనే ఉన్నాయి.

ఊరి పెద్ద గుట్ట దిగొచ్చాడు. "పిచ్చా నీకు? రా అన్నా!"

"నేనొస్తే దానికి జవాబెవరు చెప్తారు?"

అంతలో బుర్రలు ఆగిపోయాయి.

"చూశావా, వినబడింది! నీ కూతురు దిగిపోయే ఉంటుంది" అన్నాడు పెద్ద.

ఆ పొద్దంతటిలో తండ్రి మొదటిసారి నవ్వాడు. తప్పెట భుజాన వేసుకుని కాలవ వైపు తిరిగాడు. కాలవలో నీళ్ళు లేవు. బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. పెద్ద ఆయన్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. వాళ్ళు గుట్టెక్కేసరికి, తెగిన కట్ట నీళ్ళకి వెనకాల ఊరు లేదు.

సాయంత్రం వాన వెలిసింది. ఎక్కడా చప్పుడు లేదు. బతికినవాళ్ళంతా తండ్రి చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు.

"ఇప్పుడు కొట్టన్నా, కొండదాకా వినబడుతుంది" అన్నాడు పెద్ద.

తండ్రి తప్పెట తీసి బోర్లా పెట్టాడు.

"కొడితే పైనుంచి జవాబు కోసం చూడాలయ్యా" అన్నాడు.