జమ్మితోపులో దెయ్యం, సుంకమ్మ మంద

అనగనగా ఇసక తప్ప ఇంకేం పండని ఒక ఊళ్ళో సుంకమ్మ అని ఒక కోడలుండేదంట. ఇసకంటే మన ఏట్లో ఇసక అనుకునేరు! అన్నంలో ఇసక, పక్కలో ఇసక, చెవుల్లో ఇసక. మరి ఆ ఊరివాళ్ళు ఎట్లా బతికేవాళ్ళంటారా? గొర్రెలూ మేకలూ ఉండేవి. అవే వాళ్ళ పొలం, అవే వాళ్ళ పాడి, అవే వాళ్ళ పండగ. ఒరే పెద్దోడా, కాళ్ళు నా మీద పడెయ్యకు. ఊ కొట్టు.

ఒక ఏడు వాన ఎగ్గొట్టింది. మరుసటేడూ ఎగ్గొట్టింది. వాన లేక గడ్డి లేదు, గడ్డి లేక పాలు లేవు, పాలు లేక పిల్ల లేదు, పిల్ల లేక మంద లేదు, మంద లేక మనం లేము. పొద్దున లేస్తే సుంకమ్మ అత్త తిప్పక్కకు ఇదే పాటంట. సుంకమ్మ మొగుడు ఈరన్న మంచోడే పాపం, కాకపోతే బుర్ర కాస్త నిదానం.

ఆ దేశపు రాజుకేమో వేట పిచ్చి. గొర్రెలు డొక్కలెండి పడిపోతున్నాయని వినగానే ఆయన కన్ను ఆ ఊరి మీద పడింది. జాతర నాటికి మీ మందలు వాటి కాళ్ళ మీద అవే నడిచి నా కోట ముందుకొస్తే సరే, రాకపోతే ఊరు ఖాళీ చెయ్యండి, అక్కడ వేట ఆడుకుంటానని చాటింపు వేయించాడంట. ఊరంతా ఏడ్చుకుంటూ మూటలు కట్టుకోవడం మొదలుపెట్టింది. సుంకమ్మకు గుండెల్లో రాయి పడింది. ఆమె పుట్టింటివాళ్ళు వెనకటి కరువులో ఊరొదిలిపోయారు, ఎటు పోయారో ఇప్పటికీ జాడ లేదు. ఇక ఆమెకున్నది ఈ ఊరొక్కటే. ఇదీ పోతే ఎట్లా తల్లీ!

ఊరవతల ఒక జమ్మితోపు ఉందంట. ఎండాకాలంలో అన్ని చెట్లూ బోడిగుండ్లయినా జమ్మి మాత్రం పచ్చగా నిలబడుతుంది. కానీ అటు ఒక్కడూ పోడు. ఎందుకో తెలుసా? పాండవులు ఆయుధాలన్నీ మూటకట్టి, శవమని చెప్పి జమ్మిచెట్టు మీద దాచారు కదా, మనం దసరాకు పూజ చేస్తామే ఆ చెట్టు. ఆయుధాలైతే పాండవులు తీసుకుపోయారు గానీ, ఆ శవం తాలూకు దెయ్యం చెట్టు మీదే ఉండిపోయిందని ఆ ఊరివాళ్ళ నమ్మకం. అసలు లేని శవానికి దెయ్యమెక్కడిదని ఒక్కరన్నా అడగలేదు! పైగా మిట్టమధ్యాహ్నం కొమ్మలు కిర్రు కిర్రుమంటాయనీ, తెల్లగా ఏదో కదులుతుందనీ చెప్పుకునేవాళ్ళు.

చిన్నదానా, దుప్పటి ముసుగు తియ్యి. దెయ్యం నిన్నేం చెయ్యదులే.

సుంకమ్మ ఇంట్లో ఒక తెల్లమేక ఉంది. మంద మందంతా ఎముకలగూడయితే ఇది మాత్రం గుండ్రంగా, పొదుగు నిండా పాలతో నిగనిగలాడుతోంది. ఇదేం తింటోందబ్బా అని సుంకమ్మ ఒకరోజు దాని వెనకాలే పోయింది. మేక పోయి పోయి సరాసరి జమ్మితోపులో దూరింది! సుంకమ్మ బీరప్పసామీ నువ్వే దిక్కు అనుకుంటూ చెట్టు చాటున నిలబడింది. ఆ మేక ఏం చేసిందనుకున్నారు? ఒరిగిన మాను మీద కాళ్ళు వేసి, మెట్లెక్కినట్టు ఎక్కి, కొమ్మ మీద నిలబడి ఆకు మేస్తోంది. కిర్రు కిర్రు! ఊరు ఊరంతా హడలిపోయిన దెయ్యం ఇదా అని సుంకమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్విందంట.

పరిగెత్తుకొచ్చి మొగుడికి చెప్పింది. ఈరన్న కొడవలి కట్టిన దోటి తీసుకుని పోయి, బండెడు రెమ్మలు కోసుకొచ్చి మొత్తం మంద ముందు గుమ్మరించాడు. గొర్రెలు ఆవురావురుమని తిన్నాయి. తెల్లారేసరికి కడుపులు బిగిసిపోయి కొయ్యబొమ్మల్లా నిలబడ్డాయి. పెంటికలు కూడా పడలేదంట! నవ్వకండి, అది నవ్వే సంగతా? తిప్పక్క వేపమండలు పట్టుకొచ్చింది. దెయ్యాన్ని ఇంటికి తెచ్చావు గదే, మంద నోట్లో మన్ను కొట్టావు గదే అని కోడల్ని దులిపేసింది.

సుంకమ్మ పోయి తెల్లమేక దగ్గర కూర్చుంది. ఈ ఆకే తిన్నా దీనికేం కాలేదేమని చూస్తూ కూర్చుంది. మేక తోపుకు పోయి మేసొచ్చి, ఇంటి కప్పు మీద నుంచి వేలాడే పాత జొన్నచొప్ప కొరికి, తొట్టిలో నీళ్ళు తాగి పడుకుంది. అంతే! సుంకమ్మ ఎగిరి గంతేసింది.

"అత్తా, ఎండుచొప్ప అన్నం, జమ్మాకు కూర. అన్నం లేకుండా ఒట్టి కూర తింటే నీకైనా కడుపు నొస్తుంది కదా!"

ఇంటి కప్పు మీది చొప్పంతా పీకించింది. ఎండ నడింట్లోకి వస్తుందే అని తిప్పక్క గోల. రానీ అత్తా అనేసింది. చొప్ప ఎక్కువగా తరిగి, దాంట్లో కాస్త జమ్మాకు కలిపి, పక్కన నీళ్ళు పెట్టింది. మిగిలిన ఆకు నీడలో ఆరబెట్టి గంపలకెత్తింది. మెల్లగా మంద తేరుకుంది. ఆకు కలిస్తే చొప్ప దిగె, చొప్ప దిగితే పాలు పొంగె, పాలు పొంగితే పిల్ల గెంతె! చూసిన ఊరివాళ్ళు ఒక్కొక్కరే దోట్లు పట్టుకుని తోపుకు వచ్చారు. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

జాతర వచ్చింది. రాజు బల్లేలు, వేటకుక్కలు సిద్ధం చేసుకుని కోటమీద కూర్చున్నాడు. దూరాన దుమ్ము లేచింది. గాలిదుమారమేమో అనుకున్నాడు. దుమ్ములోంచి మే మే అంటూ మందలు, మందల వెనక మందలు! డప్పులు మోగుతుంటే అన్నిటికంటే ముందు సుంకమ్మ మంద నడిచొచ్చింది. రాజు నోరు తెరిచి చూశాడు.

సంగతంతా విన్నాక రాజుకు కొత్త ఆశ పుట్టింది. ఆ తోపంతా నరికి మా గుర్రాలకు తెచ్చి వెయ్యండని భటులకు చెప్పాడంట. గొడ్డళ్ళు భుజాన వేసుకుని భటులు కదిలారు. సుంకమ్మ పోయి వాళ్ళకు అడ్డం నిలబడింది.

"మారాజా, జుట్టు కత్తిరించమంటే తల తీస్తారా ఎవరైనా? పక్కరెమ్మలు కోసి నడినెత్తి వదిలేస్తే మళ్ళీ చిగురేస్తుంది. మొదలు నరికితే వచ్చే కరువుకు మీ గుర్రాలేం తింటాయి, మా గొర్రెలేం తింటాయి?"

 ఈరన్న వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. తిప్పక్క కూడా జాతరకు పట్టుకొచ్చిన వేపమండలు అవతల పారేసి వచ్చి నిలబడింది. వెనకాలే ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. రాజు వాళ్ళనూ చూశాడు, బలిసిన మందనూ చూశాడు, సిగ్గుపడి తలవంచాడు. ఊరు మీదే తల్లీ, తోపూ మీదే, ఇక మీదట ఈ దేశంలో జమ్మిచెట్టు మొదలు మీద గొడ్డలి పడదని అందరి ముందూ మాట ఇచ్చాడు.

డప్పులు కొట్టుకుంటూ ఇళ్ళకొచ్చి మూటలు విప్పేశారు. కప్పులేని ఇంట్లో తిప్పక్క పొయ్యి రాజేసి, సంకటి కెలికి, మొదటి ముద్ద కోడలికి పెట్టింది. ఇక మనకు ఎటూ పోయే పని లేదే, కడుపునిండా తిను అందంట. సుంకమ్మ తింటూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది.

అందుకే చెప్తున్నా, భయమేసిందని పారిపోకండి, దగ్గరికి పోయి చూడండి. సగం దెయ్యాలు మేకలే. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.