ఊ కొట్టిన మంచు

గొర్రెల ఓదెలుకు ముగ్గురు కొడుకులు. ఐలయ్య, కొమరయ్య, బీరయ్య. "ఊళ్ళో తెలివంతా కుప్ప పోస్తే ముప్పాతిక మా ఇంటిదే" అని పెద్దవాడు ఐలయ్య రోజూ అనేవాడు. మిగిలిన పాతిక ఎవరిదని ఎవరూ అడగలేదు గనక సరిపోయింది. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తామని ముగ్గురికీ మహా గర్వం.

అట్లాంటివాళ్ళు తండ్రితో కలిసి మంచుకొండల్లో దేవుణ్ణి చూడబోయారు. కింది సత్రం దగ్గర ఓదెలు తన నల్ల గొంగడి తీసి, "ఒరే ఐలయ్యా, ఇది పట్టుకో, చెప్పు పట్టీ కట్టుకుంటా" అన్నాడు. ఐలయ్య పట్టుకున్నాడు. ఓదెలు పట్టీ కట్టుకుని, గది చూసి పెడతానంటూ పై సత్రానికి ముందుగా పోయాడు. గొంగడి మరిచాడు. ఐలయ్య మరవలేదు. పట్టుకునే ఉన్నాడు. ఇమ్మని అడగందే ఎట్లా ఇస్తాడు?

తెల్లారేసరికి కొండంతా కొత్త మంచు.

"అయ్యో, నాయిన చలికి కొయ్యబారిపోతాడురా!" అన్నాడు ఐలయ్య. అంతే, గొంగడి భుజాన వేసుకుని తమ్ముళ్ళతో పరుగెత్తాడు.

దారిలో పెద్ద బండ దగ్గర భజన్ సింగ్ అడ్డం నిలిచాడు. ఆ కొండ మనిషి, ఏళ్ళ తరబడి మన యాత్రికులను నడిపించి తెలుగు నేర్చినవాడు.

"ఆగండి. ముందున్న వాలు మంచిది కాదు. కొత్త మంచు పాత మంచు మీద ఇంకా సరిగ్గా కూర్చోలేదు. నేను పక్కనుంచి పోయి, గొయ్యి తవ్వి, లోపలి పొరలు చూసి వస్తా. అందాకా బండ దాటి కాలు పెట్టొద్దు. లోపల్నుంచి మంచు ఊఁ అన్నదా, మొత్తం జారిపోతుంది. ఊఁ అంటే ముందుకు ఒక్క అడుగు వేయొద్దు, వెనక్కి తిరగాలి. గుర్తుంటుందా?"

"మాకా!" అని నవ్వాడు ఐలయ్య.

ఆయన అటు పోయాడో లేదో, కొమరయ్య, "అన్నా, మంచు కూర్చోలేదట. పాపం, ఎవరూ కూర్చోమనలేదేమో" అన్నాడు.

"కూర్చో తల్లీ, కూర్చో!" అని ముగ్గురూ దండాలు పెట్టారు. మంచు ఉలకలేదు, పలకలేదు.

"కూర్చోవడం తెలీదేమో, చూపిస్తా" అన్నాడు బీరయ్య.

"కాలు పెట్టొద్దన్నాడు కదరా!"

"కాలే కదన్నా! నేను పెట్టేది పిర్రలు."

ఇంకేముంది, కాళ్ళు రెండూ గాల్లోకెత్తి మంచు మీద చతికిలబడ్డాడు. సర్రున జారి, బండ పక్క గుంతలో మెడదాకా కూరుకుపోయాడు. అన్నలు కర్ర అందించి లాగేసరికి తాతల నాటి తుమ్ములన్నీ తుమ్మాడు.

పెద్దల మాట వినాలి, నిజమే. కానీ వినడానికి చెవి ఒక్కటే చాలదు. ఆ సంగతి వీళ్ళకు చెప్పినవాడు లేడు, చెప్పినా చెవితోనే వినేవాళ్ళు.

అవతల నాయిన వణుకుతున్నాడని ఐలయ్యకు మనసు నిలవలేదు. "మంచు ఊఁ అంటుందో లేదో త్వరగా తేల్చాలిరా. ఊరికే ఊఁ ఎవరంటారు? కథ చెప్తేనే కదా!"

"ఔరా, మా అన్న బుర్ర!" అన్నారు తమ్ముళ్ళు.

ముగ్గురూ బండ వెనక చేరారు. ఐలయ్య మంచు వైపు తిరిగి మొదలుపెట్టాడు. "అనగనగా ఒక గొర్రె. అది వాగు దాటింది."

"ఊఁ" అన్నాడు బీరయ్య, అలవాటు కొద్దీ.

"అమ్మో, ఊఁ!" అని ముగ్గురూ వెనక్కి దూకారు. తర్వాత ఐలయ్య వాడి నెత్తిన ఒకటి మొట్టి, "నువ్వు కాదురా, మంచు అనాలి! నోరు మూసుకో" అన్నాడు. బీరయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"ఇంకో గొర్రె వాగు దాటింది. దాని వెనక ఇంకోటి దాటింది. దాని వెనక..."

"ఊఁఁఁ..."

"ఎవడ్రా అన్నది?"

బీరయ్య మూసిన నోరు చూపించాడు. కొమరయ్య అడ్డంగా తలూపాడు.

"మంచురా! వింటోందిరా!" ఐలయ్య పొంగిపోయాడు. అంతలో వాలంతా పగిలి, తెల్లటి మందలాగా బండ ముందునుంచి దడదడా లోయలోకి పోయింది. మంచు పొడి లేచి ముగ్గురూ పిండిబొమ్మలయ్యారు.

భజన్ సింగ్ రొప్పుతూ వచ్చాడు. "బతికే ఉన్నారా!"

"మాకేం గానీ, కథ సగంలో ఉండగా లేచిపోయింది. మర్యాద లేని మంచు" అన్నాడు ఐలయ్య.

ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత పైన మిగిలిన మంచు తట్టి చూసి, ఇక జారేది లేదని తేల్చుకుని, ఒక్కొక్కరినే అవతలికి దాటించాడు. "బండ దాటలేదు, అదే మిమ్మల్ని కాచింది. ఊఁ అన్నచోట ఎప్పుడూ ఇట్లాగే ఆగండి" అని చెప్పి వెనుదిరిగాడు.

పై సత్రం అరుగు మీద ఓదెలు ముడుచుకుని కూర్చున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కొడుకులను చూడగానే ప్రాణం లేచివచ్చింది. చేతులు చాపాడు. మాట మాత్రం పెగల్లేదు.

"ఊఁ... ఊఁ... ఊఁ..."

ఐలయ్య గుడ్లు తేలేశాడు. "ఆగండిరా! నాయిన ఊఁ అంటున్నాడు! జారేట్టున్నాడు! వెనక్కి!"

అంతే, ముగ్గురూ గొంగడితో సహా వెనక్కి లంఘించారు.

"ఒరేయ్, గొంగడిరా!" అని ఓదెలు అరుగు దూకి వెంటపడ్డాడు.

"జారొస్తున్నాడు! జారొస్తున్నాడు!" అని వాళ్ళు ఇంకా జోరుగా పరుగెత్తారు. సత్రం చుట్టూ తిరిగి తిరిగి, కట్టెల మోపు తట్టుకుని ఒకరి మీద ఒకరు పడ్డారు. ఓదెలు వచ్చి వాళ్ళ మీద పడ్డాడు. ఒళ్ళంతా చెమట, ముఖం కందగడ్డ.

"గొంగడిరా... గొంగడి..." అని రొప్పాడు.

"అవును నాయినా, గొంగడే" అన్నాడు ఐలయ్య. దాన్ని తండ్రికి బాగా కనబడేట్టు పైకెత్తి చూపించి, మళ్ళీ గట్టిగా పట్టుకున్నాడు.

ఇమ్మని నాయిన ఇంకా అనలేదు కదా!