నాలుగు కేబుళ్లు

ఫణీంద్ర నాలుగు నెట్‌వర్క్ కేబుళ్లు కలిపి తగిలించినా, సర్వర్ మాత్రం ఒక్క కేబుల్ వేగంతోనే నడిచింది.

కొండమీది ఆశ్రమంలో ఆరుగురు శిష్యులు తాటాకు గ్రంథాలకు ఫొటోలు తీసి ఆ సర్వర్లో దాస్తుండేవారు. పని నత్తనడకగా ఉందని అందరూ సణుగుతుంటే, "పది రోజుల్లో నాలుగింతలు చేసి చూపిస్తా" అని ఫణీంద్ర మాటిచ్చాడు. ఇరవై రోజులైంది. కేబుళ్లు మార్చాడు, అవన్నీ కలిసే స్విచ్ పెట్టె మార్చాడు, సెట్టింగులన్నీ తిరగేశాడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

వేగం కొలిచేముందు ప్రతిసారీ గంట కొట్టేవాడు. అది వినగానే మిగతా ఐదుగురూ పని ఆపి బయటికి పోవాలి. వాళ్లు వాడుతుంటే కొలత చెడుతుందని అతని భయం. మొదట్లో "ఏమైందన్నా?" అని అడిగేవారు. కసురుకునేసరికి అడగడం మానేశారు.

భోజనం కూడా సర్వర్ గదిలోకే తెచ్చుకునేవాడు. బయట వాళ్ల నవ్వులు వినిపిస్తే లేచి తలుపు మూసేవాడు. ఒంటరితనం అతన్ని తినేస్తోంది. కానీ మాట తప్పిన మొహంతో వాళ్ల మధ్య ఎలా కూర్చోవడం?

ఒకరోజు సంచి సర్దుకుని గురువు బోధానంద స్వామి దగ్గరికి వెళ్లాడు.

"నావల్ల కాదు స్వామీ. సెలవిప్పించండి."

"పోదువుగాని నాయనా. ఒక్కసారి నాకూ చూపించు."

ఇద్దరూ గదిలోకి వచ్చారు. అలవాటుగా ఫణీంద్ర గంట కొట్టాడు. ఐదుగురూ లేచి వెళ్లిపోయారు. తన కంప్యూటర్ నుంచి ఓ పెద్ద ఫైలు పంపాడు. స్విచ్ మీద నాలుగు కేబుళ్లకూ నాలుగు దీపాలు. వాటిలో ఒక్కటే చకచకా మిణుకుమంది.

"చూశారుగా స్వామీ."

స్వామి గంట తీసుకుని తన జోలెలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి పిలిచాడు.

"రండర్రా. ఎవరి పని వాళ్లు కానివ్వండి."

"వద్దు స్వామీ! కొలత చెడిపోతుంది!"

"చెడనీ."

ఐదుగురూ జంకుతూనే వచ్చి కూర్చున్నారు. వాళ్లలో సుభద్ర తను తీసిన ఫొటోలు పంపింది. రెండో దీపం మిణుకుమంది. ఇంకొకరు పంపారు, మూడోది. కాసేపటికి నాలుగూ కదిలాయి. సర్వర్ మొత్తం వేగం చూపే అంకె పెరిగి పెరిగి దాదాపు నాలుగింతల దగ్గర ఆగింది. ఫణీంద్ర ఫైలు మాత్రం ఎప్పటి వేగంతోనే సాగుతోంది. తగ్గనూ లేదు, పెరగనూ లేదు.

అతను వంగి ఆ నాలుగు దీపాలనూ ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు.

"ఇన్నాళ్లూ ఒక్కడివే అడిగావు నాయనా," అన్నాడు స్వామి. "ఒక్కడికి సర్వర్ ఒక్క దారే ఇస్తుంది."

ఇంతలో భోజనాలకు పిలుపు వచ్చింది. ఫణీంద్ర సంచిలోంచి కంచం తీసుకుని బయటికి నడిచాడు. బంతిలో సుభద్ర కాస్త జరిగి చోటిచ్చింది.