సుంకమ్మ ఎక్కింది, సుంకమ్మ దిగింది

అనగనగా, ఎద్దులు పోయి ఇంజన్లు వచ్చే కాలంలో, ఒక నల్లరేగడి ఊరు. ఆ ఊర్లో సుంకమ్మని ఒక మనిషి. సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఒళ్లు. నవ్వకండి, ఆ ఒళ్లే ఆమెకు కూడు పెట్టింది.

గుంటక చూశారు గదా? ఎద్దులు లాగుతుంటే దాని ఇనుప పలక మట్టిలోకి దిగాలి. దిగాలంటే పైన బరువుండాలి. ఆ బరువు సుంకమ్మ. "సుంకమ్మా, ఎక్కు" అంటే ఎక్కేది. "సుంకమ్మా, దిగు" అంటే దిగేది. ఊరంతా ఎగతాళి చేసేది. ఆమె కూడా నవ్వేది, లోపల ఏముండేదో మనకేం తెలుసు.

ఒక ఏడు గొంతువాపు రోగమొచ్చి ఎద్దులన్నీ పోయాయి. ఊరంతా కలిసి ఒక పాత ట్రాక్టరు తెచ్చుకుంది. వాన పడింది. పదును మూడు రోజులే. ఆలోగా విత్తనం పడకపోతే ఆ ఏడు ఊరికి గింజ లేదు.

మొదటి రోజు చక్రం గిర్రున తిరిగింది. బండి కదల్లేదు.

రెండో రోజు వెనక నాగలికి బండలు కట్టారు. చక్రం గిర్రున తిరిగింది. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. డ్రైవరు మద్దిలేటి బతుకుజీవుడా అని దూకేశాడు.

మూడో రోజు పొద్దున్నే ఊరి పెద్ద, పెద్దరెడ్డికి గుంటక గుర్తొచ్చింది. "సుంకమ్మా, ఎక్కు" అన్నాడు. పాపం, చక్రం మీది రేకెక్కి కూర్చుంది. చక్రం గిర్రున తిరిగింది. ఒక్క కుదుపుకి కిందపడి ఆమె కాలు విరిగింది.

రెడ్డి ఇంకో నలుగురిని ఎక్కమన్నాడు. బురదలో పడున్న సుంకమ్మే చెయ్యెత్తి ఆపింది.

"బరువు నెత్తిన కాదు రెడ్డీ, కాళ్లకాడ ఉండాల. టైరుకి అంత కడుపుంటే ఉత్త గాలెందుకు? నీళ్లు తాపండి."

ఆడవాళ్లు ముప్పై కడవలు మోశారు. పీపాలో పోసి, రబ్బరు గొట్టంతో టైర్లకు పట్టించారు. ముప్పావు నీళ్లు, పావు గాలి. చక్రం తిరిగింది. అబ్బ, ఈసారి నేలను పట్టుకుని తిరిగింది! పొద్దు గూకేలోపు కడసాలు దాకా విత్తనం పడింది.

పంట ఇల్లు చేరినా రెడ్డి ఆ నీళ్లు తీయించలేదు. అదే బరువుతో చేలల్లో ఎరువు తోలించాడు. మరుసటేడు చక్రాలు తొక్కిన మేర నేల బండబారి మొలకే రాలేదు. సుంకమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి చూసింది.

"పనైనాక నన్ను దిగమనేవాడివి గదా రెడ్డీ. ఈ నీళ్ల బరువుని కూడా దింపు."

రెడ్డి తల వంచుకుని దింపించాడు. ఆ తర్వాత ఆమెను ఎక్కమన్నవాడు లేడు.

ఆమె పోయిన రోజు ఆ ట్రాక్టరు మీదే సాగనంపారు. ఊరంతా వెనక నడిచింది.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల టైర్లకు నీళ్లు పట్టిస్తే "సుంకమ్మ ఎక్కింది" అంటారు. తీసేస్తే "సుంకమ్మ దిగింది" అని చక్రానికి దండం పెడతారు. రేకు మీద మాత్రం ఎంతటివాడినీ కూర్చోనివ్వరు. అది సుంకమ్మ చోటు.